తరుగు లేని కాటా

“సరిపోయింది గదా! ఇంకా సమానం చెయ్యటానికి ఏముంది?” అన్నాడు అంకారావు బావ.

పుస్తకంలో ఉన్నది ఒక్క వరసే. H₂ + O₂ → H₂O. దాన్ని తుల్యం చేయమని నేను అడిగాను.

“ఏం సరిపోయింది? ఎడమ పక్క ఆక్సిజన్ ఎన్ని?”

“రెండు.”

“కుడి పక్క?”

“ఒకటి.”

“మరి?”

“ఒకటి తరుగు,” అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు ప్రతిదానికీ నవ్వే వస్తోంది. తలుపు గడియ కిర్రుమన్నా, బావ పెరుగన్నం కలుపుకుంటూ నా వైపు చూసినా, అత్త నన్ను కేకేయబోయి మేక పేరు పెట్టి కేకేసినా. కానీ బావ నవ్వడం లేదు. నిజంగానే లెక్క తేలిందనుకుని పెన్నుకు మూత పెట్టేశాడు. అప్పుడు ఆగింది నా నవ్వు. రేపే పరీక్ష.

బావ క్రోసూరులో వెంకట్రామయ్య గారి కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు తూచే కాటా మనిషి. మీసాలు సరిగా రాకముందు నుంచీ అదే పని. బస్తా కాటా ఎక్కుతుంది. ముందు గోతం బరువు తీసేస్తారు. దాని మీద తరుగు తీసేస్తారు. మట్టి ఉందనో, తేమ ఉందనో, తొడిమలు రాలాయనో. ఏ పేరూ దొరక్కపోతే ఎప్పుడూ తీసేదే కదా అని. ఎక్కిన బరువు ఎక్కినట్టు చీటీ మీద పడడం బావ ఇంతవరకూ చూడలేదు. ఈ చుట్టుపక్కల మిర్చి వేసిన ఏ ఇంట్లోనూ చూసి ఉండరు.

వెంకట్రామయ్య గారు ఈమధ్య రెండో గోడౌను కట్టారు. దానికి సూపర్‌వైజరుగా బావనే పెట్టాలని ఆయనకూ ఉంది. కానీ సరుకు మీద అప్పిచ్చే బ్యాంకు వాళ్ళు, సంతకం పెట్టే మనిషి కనీసం టెన్త్ పాసై ఉండాలన్నారు. బావ టెన్త్ ఎప్పుడో ఆగిపోయింది. ఓపెన్ స్కూల్లో కట్టి మిగతా పేపర్లు ఎలాగో గట్టెక్కాడు. సైన్సు ఒక్కటి మిగిలింది. పోయినసారి ఆ పేపరు రాయడానికి వెళ్ళి సగంలో లేచి వచ్చేశాడు. ఎందుకొచ్చావని అడిగితే “కూర్చోలేకపోయా” అన్నాడట. “ఈసారీ అట్టాగే వస్తే వేరేవాణ్ణి చూసుకుంటా అంకారావూ, ఏమనుకోమాక” అని వెంకట్రామయ్య గారు తేల్చి చెప్పేశారు.

బావకు కూర్చోలేకపోవడం సాకు కాదు. పుస్తకం ముందు పెట్టగానే లేచి చెప్పులేసుకుంటాడు. ఫోను చూస్తాడు. పెరట్లో ఆరబోసిన కాయల దాకా వెళ్ళి, ఒకటి తీసి చెవి దగ్గర ఆడించి, గింజలు గలగలమంటున్నాయో లేదో విని వస్తాడు. మళ్ళీ కూర్చుంటాడు. మళ్ళీ లేస్తాడు. ఆ ఆదివారం పొద్దున్నుంచీ మబ్బు కూడా పట్టింది. అత్త పట్టాలు చంకన పెట్టుకుని ఆకాశం వైపే చూస్తోంది. గాలి ఒక పక్కకు నిలబడడం లేదు. నేను నరసరావుపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషిని. సమీకరణాలు తప్పకుండా వస్తాయి, అవి వస్తే పాసు మార్కులు చేతిలో ఉన్నట్టే అని బావకు మాటిచ్చాను. ఇప్పుడు నా కాలూ నేల మీద ఆగడం లేదు.

“బావా, రసాయన చర్యలో తరుగు ఉండదు. ఎంత బరువు లోపలికి పోతే అంతే బయటికి వస్తుంది. అందుకే రెండు పక్కలా లెక్క సమానంగా ఉండాలి.”

“ఎవరు చెప్పారు?”

“సైన్సు చెప్పింది.”

“సైన్సు ఎప్పుడన్నా కాటా కాడ కూర్చుందా?”

పెరట్లోంచి అత్త అరిచింది. “ఏందిరా ఆ గోల?”

“నీ కోడలు లోకంలో తరుగే లేదంటందే!”

“లేకపోవటం ఏంది? పచ్చి మీదున్న పండుకాయ మూడు బస్తాలు కోసుకొస్తే ఎండుకాయ ఒక బస్తా అయిద్ది. మిగతాది ఎవరు తిన్నారంట?”

“ఎవరూ తినలేదత్తా. అందులో నీళ్ళు ఆవిరై గాల్లోకి పోయాయి.”

“పోయినాయి గదా! పోయినదాన్నే తరుగంటారు” అని నాగేంద్రమ్మ అత్త గెలిచి, పట్టా దులుపుకుంటూ అటు వెళ్ళిపోయింది.

బావ పెన్నును బల్ల మీద దొర్లిస్తూ కూర్చున్నాడు.

“నువ్వు చదువుకున్నదాన్ని నేను కాదనటంలా దేవీ. రెండు పెట్టమంటే పెడతా. మూడు పెట్టమంటే మూడు పెడతా. పోయినసారీ అట్టాగే అన్నీ బట్టీ కొట్టిపోయా. అక్కడ కూర్చుని రాత్తా ఉంటే ఒక్కటీ నిజమనిపించలా. దొంగచీటీ రాత్తన్నట్టుంది. చెమటలు పట్టినాయి. లేచొచ్చేశా.”

“మరి నన్నేం చేయమంటావు?”

“కాటా మీద చూపియ్యి. కాటా చెబితే నమ్ముతా.”

ఇంతేనా అనిపించింది నాకు. ఇంత తేలికైనదాన్ని ఇన్నాళ్ళూ ఎందుకు మోశామనిపించింది. వంటింట్లోకి పరుగెత్తాను. డబ్బాల వెనక అజీర్తికి తాగే ఈనో పొట్లాలు ఉన్నాయి. ఈనోను నీళ్ళలో వేస్తే పొంగుతుంది, గ్యాసు పుడుతుంది. సీసా మూతికి పిల్లలు ఊదుకునే బుడగ తొడిగితే ఆ గ్యాసు బుడగలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. పొంగక ముందు ఎంత బరువో పొంగిన తర్వాతా అంతే. హైస్కూల్లో మా టీచరు చెప్పిన ప్రయోగం. చెప్పడమే, మేము చెయ్యలేదు.

“మన బస్తాల కాటాకి ఇంత చిన్న సరుకు ఆనదే” అన్నాడు బావ. “బంగారం కాటా అయితే చీమ ఎక్కినా చెబుద్ది. బ్రహ్మయ్య బాబాయి కాడికి పోదాం పా.”

అత్త వెనక నుంచి “ఒరేయ్, వాన పడితే కాయలు ఎవుడు ఎత్తుతాడు?” అని అరుస్తూనే ఉంది. మేము బండెక్కేశాం.

బండి మీద వెళ్ళడం అంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఊరి మొదట్లో కాయలు ఆరబోసిన పొలాల పక్కన గాలిలో ఘాటు ఉంటుంది. ఇద్దరికీ ఒకేసారి తుమ్ములొస్తాయి. బావ తుమ్మినప్పుడల్లా బండి కొంచెం పక్కకు పోతుంది, నేను చొక్కా పట్టుకుంటాను. ఆ రోజూ తుమ్మాం, ఆ రోజూ పట్టుకున్నాను. కానీ మనసు ముందే వెళ్ళి బంగారం కొట్లో కూర్చుంది. బజార్లో బుడగలు కొన్నాం. ఒకటి చాలు. నేను పచ్చది ఒకటి, పసుపుది ఒకటి, ఊరికే ఒక ఎర్రది తీసుకున్నాను.

బ్రహ్మయ్య బాబాయి నా సూత్రాలూ మెట్టెలూ చేసిన మనిషి. మమ్మల్ని చూసి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

“ఏమ్మా, అప్పుడే మెట్టెలు వదులయినాయా?”

“కాదు బాబాయ్, మీ కాటా కావాలి. ఈనో తూచాలి.”

“ఈనోనా?” బాబాయి బావ వైపు చూశాడు. “ఏందిరా, అప్పుడే కోడలికి కడుపులో తిప్పుతుందా?”

బావ చెవులు ఎర్రబడ్డాయి. పొద్దుటి తరుగు గొడవ గబగబా చెప్పాడు. బాబాయి విని, గుమ్మం వైపు ఒకసారి తొంగి చూశాడు.

“తరుగు లేదంటావా? అమ్మా, ఆ మాట మెల్లగా అను. గిరాకీ చెవిన పడితే నేను కొట్టు కట్టేసుకోవాల. నగ చేస్తే తరుగు, చెరిపితే తరుగు. తరుగు లేకుండా మా ఇంట్లో పొయ్యి వెలిగిద్దా?”

ఫ్యాను ఆపించాను. మందు సీసాలో సగం నీళ్ళు పోశాను. పచ్చబుడగలో ఈనో పోసి, జారకుండా సీసా మూతికి తొడిగి, దారంతో బిగించి, కాటా మీద పెట్టాను. అంకెలు కదిలి కదిలి ఒకచోట ఆగాయి. ముగ్గురం పైకి చదివాం. అప్పుడు బుడగ తోక పైకెత్తాను. ఈనో నీళ్ళలో పడింది. బుసబుసా పొంగింది. ముడుచుకున్న బుడగ లేచి కూర్చుని, ఉబ్బి, చిన్న కొబ్బరికాయంత అయింది. ఎంత ముద్దుగా ఉందో! నేను చప్పట్లు కొట్టేశాను.

“అంకె చూడు” అన్నాడు బావ.

అంకె తగ్గింది. కొంచెం కాదు, అర గ్రాము పైనే.

“కారుతుందేమో” అన్నాను. మూతి చుట్టూ వేలితో నీళ్ళు రాసి చూశాను. ఒక్క నీటి బుడగ కూడా రాలేదు. ఇంకో సీసా అడిగి తీసుకుని, పసుపుబుడగతో మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే తగ్గింది. పరీక్ష హాల్లో ప్రశ్న తెలియనప్పటి కంటే ఎక్కువ భయమేసింది, ఎందుకంటే ఇది నాకు తెలిసిన ప్రశ్న.

బాబాయి గడ్డం గోక్కున్నాడు. “చూశావా? ఈనోకి కూడా తరుగుంది.”

బావ ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. చేయలేదు. సీసా తీసి నా చేతికిచ్చి, “పోనీలే దేవీ, పా” అన్నాడు. పొద్దున్నుంచీ ఒక్కచోట నిలవని మనిషి, ఆ కొట్టు మెట్ల మీద కదలకుండా నిలబడ్డాడు.

“ఎక్కడో ఏదో తప్పు చేశాను బావా. ఆలోచిస్తాను, ఆగు.”

“నువ్వేం తప్పు చెయ్యలా. కళ్ళతో చూశాం గదా. వెంకట్రామయ్య గారికి ఫోన్ చేసి చెప్పేత్తా, వేరేవాణ్ణి చూసుకోమని. ఆయనకీ నిమ్మళం.”

“రేపు రాసొచ్చాక చెప్పొచ్చు కదా!”

“దొంగచీటీ రాయటానికి సత్తెనపల్లి సెంటరు దాకా ఎందుకు?”

దారిలో కాలవ దగ్గర గేదెలు అడ్డం వచ్చాయి. అవి రోడ్డు దాటి, ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి దిగుతున్నాయి, తొందరేమీ లేకుండా. బావ బండాపి, దిగి, ఫోను తీశాడు. నేను చూడలేక కాలవ మెట్టు మీదికి దిగాను. చేతులు ఈనోతో జిగటగా ఉన్నాయి. బుడగ తొడిగిన సీసా ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. బుడగను అరచేత్తో పట్టి నీళ్ళలోకి నొక్కాను.

అది మునగలేదు. నా చేతిని పైకి తోసింది. ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా గట్టిగా తోసింది. నా వెనక బావ గొంతు వినిపిస్తోంది. “అయ్యా, నేను అంకారావుని...”

నీళ్ళు తోస్తున్నాయి. బుడగ ఎంత చోటు ఆక్రమిస్తే అంత తోస్తున్నాయి. అయితే గాలి? గాలి కూడా తోస్తుంది కదా. బుడగ ముడుచుకుని ఉన్నప్పుడు తోయడానికేమీ లేదు. ఉబ్బాక...

ఒక్క గెంతులో మెట్లెక్కి బావ చేతిలో ఫోను లాక్కున్నాను. అవతల నుంచి “ఏంది అంకారావూ?” అంటున్నారు వెంకట్రామయ్య గారు.

“రాంగ్ నంబరండీ” అని పెట్టేశాను.

“ఏమే, నీకేమన్నా పిచ్చా?”

“బావా, బరువు పోలేదు! బుడగను గాలి పైకి ఎత్తిపట్టుకుంది. నీళ్ళలో ఈ బుడగ నా చేతిని తోసినట్టే కాటా మీద గాలి దాన్ని కొంచెం ఎత్తింది. బరువు బుడగలోనే ఉంది. కాటా మీద ఆనలేదు, అంతే!”

ఫోను మళ్ళీ మోగింది. వెంకట్రామయ్య గారే. నేను వెనక్కి దాచాను. బావ ఫోను వైపు చూడలేదు. బుడగ వైపు చూస్తున్నాడు.

“మోకాలు” అన్నాడు.

“ఏంటి?”

“కాటా మీద బస్తా పెట్టేటప్పుడు కొందరు కింద నుంచి మోకాలు ఆనిత్తారు. ఎవురికీ కనపడదు. రైతు చూత్తానే ఉంటాడు, బరువు తక్కువ చూపిచ్చుద్ది. నేను అట్టాంటి మోకాళ్ళు చానా పట్టుకున్నా. ఇది గాలి మోకాలంటావా?”

“గాలి మోకాలే!”

“అయితే మోకాలు తీసి తూచాల” అన్నాడు. ఇక గేదెల కోసం ఆగలేదు. బండి తిప్పేశాడు.

ఉబ్బని సీసా కావాలి. మూత గట్టిగా బిగుసుకునేది. కూల్‌డ్రింకు కొన్నాం, సీసా కోసం దాన్ని ఖాళీ చేయాలి కదా. రోడ్డు పక్కనే నిలబడి ఇద్దరం చెరో గుక్కా గబగబా తాగాం. నా ముక్కులోకి నురగ ఎక్కింది. బావ నా వీపు చరుస్తూ, “తొందరగా తాగవే, బాబాయి కొట్టు కట్టేత్తాడు” అని తిడుతున్నాడు. పెళ్ళిలో తాగించిన పాలకంటే అదే బాగుందనిపించింది.

బాబాయి అన్నం పళ్ళెం ముందేసుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి, కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు.

“మళ్ళీనా?”

“బాబాయ్, ఇందాకటిది కాటా కింద మోకాలు” అన్నాడు బావ. ఆ మాట ఆయనకు ఏమర్థమైందో గానీ, కుడిచేయి పైకెత్తి పట్టుకుని ఎడమచేత్తో కాటా మీద గుడ్డ తీసేశాడు.

సీసాలో కొంచెం నీళ్ళు పోశాను. ఈనోను పల్చటి కాగితంలో పొట్లం కట్టాను, కాగితం తడిసేలోపు మూత బిగించాలని. సీసా, మూత, పొట్లం మూడూ కలిపి కాటా మీద పెట్టాం. అంకె ఆగింది. బావ దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. నేను పొట్లం లోపల వేశాను, బావ ఒక్క తిప్పుతో మూత బిగించాడు. ఆ వేళ్ళు రోజూ బస్తా మూతులు బిగించే వేళ్ళు. లోపల కాగితం తడిసి విచ్చుకుంది. నీళ్ళు తెల్లగా పొంగాయి. సీసా రాయిలా గట్టిపడింది. కాటా మీద పెట్టాడు.

అంకెలు ఊగాయి. పైకి, కిందికి. బావ ముక్కు దాదాపు కాటాకు ఆనుతోంది.

“ఒరేయ్, నీ ఊపిరి తగులుతుంది, ఎనక్కి జరుగు” అన్నాడు బాబాయి.

బావ ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను. అంకెలు నిదానించి ఆగాయి.

అదే అంకె. చివరి గడితో సహా అదే.

లోపల ఇంకా బుసబుసమంటూనే ఉంది. అంత గొడవ జరుగుతోంది, అంకె మాత్రం కదలడం లేదు. బావ మెల్లగా చేయి చాపి, సీసాను కాటా మీద నుంచి తీయకుండానే మూత ఒక్క పిసరు వదులు చేసి, చేయి తీసేశాడు. స్స్‌మని శబ్దం వచ్చింది. అంకెలు కిందికి పరుగెత్తాయి.

“పోతంది” అన్నాడు బావ. “పోతంది, పోతంది... ఇదిగో, ఇక్కణ్ణుంచి!” సీసా మూతి దగ్గర అరచేయి అడ్డం పెట్టాడు. “చేతికి తగులుతుంది దేవీ. నా చేతికి తగులుతుంది.”

“అదే కార్బన్ డయాక్సైడ్.”

“అంటే మూత తియ్యకపోతే లోపలే ఉండేది.”

“ఉండేది.”

“అమ్మ ఎండబెట్టిన కాయల్లో నీళ్ళు కూడా ఇట్టాగే...”

“అట్టాగే.”

“ఇంకో పొట్లం ఉందా?”

ఉంది. మళ్ళీ చేశాం. ఈసారి మొత్తం బావే చేశాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇంకోసారి చేద్దామంటే ఈనో అయిపోయింది. “ఎదురు కొట్లో తెత్తా” అని లేచాడు. “నా అన్నం చల్లారిపోయిందిరా నాయనా, పోండిరా” అని బాబాయి మొత్తుకున్నాడు. బావ పోలేదు. నగల లెక్కలు వేసే కాగితం మీద పెన్నుతో H₂ + O₂ → H₂O అని రాసి, దాన్ని దొంగను చూసినట్టు చూశాడు.

“ఈ రెండో ఆక్సిజన్ యాడికి పోయింది?”

“నువ్వే చెప్పు.”

“పోవటానికి లేదు. మూత బిగించుంది. అయితే ఇంకో నీళ్ళు అయ్యుండాల.” H₂O ముందు రెండు వేశాడు. “ఇప్పుడు ఇక్కడ హైడ్రోజన్ నాలుగైంది. అటు రెండే ఉంది. లేనిది ఎట్టా వచ్చుద్ది? అటు ఇంకోటి పెట్టాల.” అక్కడా రెండు వేశాడు. రెండు పక్కలా వేలు పెట్టి లెక్కపెట్టి, నా ముఖంలోకి చూశాడు. నేను నోరు మూసుకుని తల ఊపాను. మూసుకోకపోతే ఆ కొట్లోనే కేక పెట్టేదాన్ని.

ఇంటికి వెళ్ళేసరికి చినుకులు మొదలయ్యాయి. అత్త తిట్ల మధ్య కాయలు పోగుచేసి పట్టాలు కప్పాం. బావ పట్టా కొస లాగుతూ, “దేవీ, ఇనుము పక్కన ఆవిరి, చెప్పు, ఇంకోటి చెప్పు” అని అడుగుతున్నాడు. నేను పట్టా మీద రాళ్ళు పెడుతూ చెబుతున్నాను. “వీళ్ళకేదో గాలి సోకింది” అంది అత్త. వాన రెండు దులుపులు దులిపి ఆగిపోయింది. బావ ఆగలేదు. ప్రతి సమీకరణం దగ్గరా అదే ప్రశ్న, యాడికి పోయింది, యాణ్ణుంచి వచ్చింది. ఒక్కొక్కటి తేలడానికి చాలాసేపు పట్టేది. పాఠాలు ఇంకా చాలా మిగిలాయి. నేను కొన్ని వదిలేశాను, ఇక సమయం లేక.

పొద్దున సత్తెనపల్లి పరీక్ష కేంద్రం గేటు దగ్గర బావ లోపలికి వెళ్ళేముందు నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు. మెట్ల దగ్గర ఒకసారి ఆగి, చొక్కా జేబు తడుముకుని, లోపలికి వెళ్ళిపోయాడు.

గోడ నీడలో నా పక్కన జుబేదా అనే ఆవిడ కూర్చుంది. వాళ్ళమ్మాయి సనా కూడా లోపల అదే పేపరు రాస్తోందట.

“నీ తమ్ముడా అమ్మా లోపల?”

“మా ఆయనండీ.”

“అల్లా! మొగుణ్ణి పరీక్షకి తీసుకొచ్చావా? బెత్తం తెచ్చావా మరి?” అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నా చూపు గేటు మీద నుంచి రాలేదు.

కొంతసేపటికి ఒకతను బయటికి వచ్చాడు. బావ కాదు. తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు జుట్టు సర్దుకుంటూ వచ్చారు. సగం సమయం అయిపోయిందన్నమాట, అంతకు ముందు ఎవరినీ బయటికి వదలరు. పోయినసారి బావ లేచి వచ్చింది ఈ సమయానికే. నేను లేచి నిలబడ్డాను. గేటులోంచి నీలం చొక్కా ఒకటి కనపడింది. బావది నీలం చొక్కానే. నా చేతిలో సీసా జారింది. దగ్గరికొచ్చాక చూస్తే ఎవరో పెద్దాయన. సీసా తీసి తుడిచాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

“కాసేపు కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తే నాకు దడగా ఉంది” అంది జుబేదా.

“కూర్చోలేకపోతున్నానండీ.”

గంట కొట్టారు. గుంపు గుంపుగా బయటికి వచ్చారు. సనా వచ్చి వాళ్ళమ్మ చేయి పట్టుకుంది. బావ లేడు. మధ్యలో వచ్చేసి, నా ముఖం చూడలేక ఇంకో గేటు నుంచి వెళ్ళిపోయాడేమోనని భయమేసింది. ఇంకో గేటు ఉందా అని వాచ్‌మన్‌ను అడిగాను. లేదన్నాడు. గుంపు పల్చబడింది. ఇక ఎవరూ రావడం లేదు. లోపల నీలం చొక్కా ఆయన్ని చూశావా అని సనాను అడిగాను.

“నీలం చొక్కా అన్నా?” అంది సనా. “మా రూమే అక్కా. ఇంకా రాస్తన్నాడు. సారు పేపరు ఆ కొస పట్టుకుని లాగుతన్నాడు, అన్న ఈ కొస వదలటంలా.”

అప్పుడు వచ్చాడు బావ. ముఖం నిండా చెమట, కోపం.

“లాక్కున్నాడు దేవీ! ఇంకో పది నిమిషాలు ఇమ్మంటే, చేతిలోది లాక్కున్నాడు. ఆ గంట అప్పుడే కొట్టాడేంది?”

“ఎలా రాశావు?”

“అది కాదు, ఇను. మెగ్నీషియం రిబ్బను కాలిస్తే బూడిద అయిద్ది గదా. ఆ బూడిద రిబ్బను కంటే ఎక్కువ బరువుంటదంట! ఎందుకో రాయమన్నాడు. బరువు పెరగటమేంది? మన కాటా మీద ఎప్పుడన్నా బస్తా బరువు పెరిగిందా?”

అది నేను వదిలేసిన పాఠంలోది. “వదిలేశావా?”

“ఎందుకు వదులుతా? ముందు నాకు ఒళ్ళు మండింది. లేచొద్దామనిపించింది. నిజం చెబుతున్నా, సగం లేచా. కానీ అది యాణ్ణుంచి వచ్చిందో తెలియకుండా ఎట్టా రాను? కూర్చుని ఆలోచించా. లోపల్నుంచి పోయేదే కాదు, బయటి నుంచి ఎక్కేది కూడా ఉంటది గదా. మంట మండాలంటే గాలి కావాల. ఆక్సిజనే ఎక్కుంటది.” జేబులోంచి పెన్ను తీసి, అరచేతిలో 2Mg + O₂ → 2MgO అని రాసి, నా ముఖం ముందు పెట్టాడు. చెమటకు అక్షరాలు అప్పుడే చెదురుతున్నాయి. “ఇదే రాశా. కరెక్టేనా?”

రెండు మెగ్నీషియం ఇటు, రెండు అటు. రెండు ఆక్సిజన్ ఇటు, రెండు అటు. నేను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, జుబేదా చూస్తోందని కూడా చూడకుండా, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

“కరెక్టే బావా.”

“అయితే ఆ నీళ్ళియ్యి” అన్నాడు. “లోపల కూర్చుని కూర్చుని నోరెండిపోయింది.”